వెల్లుల్లిలో మందు దంచితేనే పుడుతుంది



వెల్లుల్లిపాయ లేని ఇల్లు మనకు ఉండదు. కొందరు తెల్లగడ్డ అంటారు, మరికొందరు ఎల్లిగడ్డ అంటారు. ఒక రెబ్బ పొట్టు తీసి వాసన చూడండి. ఘాటు అంతగా ఉండదు. అదే రెబ్బను రోట్లో వేసి ఒక్క పోటు వేయండి. ఘాటు ముక్కుకెక్కుతుంది. బూజు జాతి తెగుళ్ళను అణచే గుణం ఆ ఘాటులోనే ఉన్నది.

ఇది ఎలా జరుగుతుంది? రెబ్బలో అల్లీన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైము వేరొకచోట విడివిడిగా ఉంటాయి. దంచినప్పుడు ఆ రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి చూపారు. అల్లిసిన్ బూజు కణంలోకి చొరబడి, అక్కడి ఎంజైములలోని గంధకపు భాగాలతో కలిసి వాటి పనిని చెడగొడుతుంది. దానితో బూజు ఎదగదు. వరి అగ్గి తెగులు మీద, టమాటా ఆకుమాడు తెగులు మీద కూడా పరిశోధనలలో దీని ప్రభావం కనబడింది.

"వెల్లుల్లి కషాయం కొట్టాను, ఏమీ కాలేదు" అనే రైతులూ ఉంటారు. ఎలా చేశారని అడిగితే, రెబ్బలను అలాగే నీళ్ళలో వేసి కాచామంటారు. చిక్కంతా అక్కడే ఉంది. కాగే నీళ్ళలో ఎంజైము చెడిపోతుంది. ఇక మందు పుట్టేదెక్కడ? కనుక పచ్చిగానే మెత్తగా దంచి, కొద్దిసేపు ఉంచి, చల్లని నీళ్ళలో కలిపి వడకట్టాలి. అల్లిసిన్ నిలవ ఉండదు. ఏ రోజు రసం ఆ రోజే వాడాలి. చిక్కగా కొడితే ఆకు మాడుతుంది. ముందు నాలుగు మొక్కల మీద చల్లి, రెండు రోజులు ఆగి చూడండి.

ఒక మాట మరువకండి. పరిశోధనలో పనిచేసినదంతా ఎండా వానా ఉన్న పొలంలో అంతే పనిచేస్తుందని చెప్పలేము. వరి ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిద రంగు కనబడితే అది అగ్గి తెగులు. అది వెన్ను మెడకు పాకితే గింజ తాలుపోతుంది. అప్పుడు వెల్లుల్లిని నమ్ముకుని రోజులు పోగొట్టుకోవద్దు. వెంటనే వ్యవసాయాధికారిని అడిగి, సిఫారసు చేసిన మందు కొట్టండి. నత్రజని ఎరువు ఆపండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి: రసం చల్లించే చోట పక్కనే ఒక చిన్న మడిని చల్లకుండా వదలండి. రెండింటినీ పోల్చి చూస్తే, మందు పనిచేసిందో లేదో పొలమే చెబుతుంది.