ఎనిమిదో తరగతి దాటాక పుస్తకం ఎవరిస్తారు? సూరత్‌ ఉన్నత పాఠశాలల గ్రంథాలయాల ముందున్న ప్రశ్న

సూరత్‌: వజ్రాల సానకూ, చీరల వ్యాపారానికీ దేశమంతటా పేరున్న సూరత్‌కు అంతగా ప్రచారంలోకి రాని మరో విశేషం ఉంది. ఇక్కడి నగర ప్రాథమిక శిక్షణ సమితి ఒక్క గుజరాతీలోనే కాక హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మాధ్యమాల్లోనూ పాఠశాలలు నడుపుతోంది. మరమగ్గాల మీద, అద్దకం మిల్లుల్లో పని కోసం వివిధ రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల అవసరమే ఈ ఏర్పాటుకు మూలం. ఇన్ని భాషల పిల్లలున్న నగరంలో పాఠ్యపుస్తకం వెలుపల వారు చదవడానికి ఏముందన్నది చిన్న ప్రశ్న కాదు. అది మరింత తీవ్రంగా ఎదురయ్యేది ఉన్నత పాఠశాల గుమ్మం వద్ద.

గుజరాత్‌లో ప్రాథమిక విద్య 8వ తరగతితో ముగుస్తుంది. 9వ తరగతికి విద్యార్థి మరో బడికి మారవలసి వస్తుంది. సూరత్‌ నగరపాలక సంస్థ ‘సుమన్‌’ పేరుతో సొంతంగా ఉన్నత పాఠశాలలను నిర్వహిస్తుండటం వల్ల పేద కుటుంబాల పిల్లలకు కొంత ఊరట లభిస్తోంది. అయితే పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో బడితోపాటు ఉపాధ్యాయులూ, స్నేహితులూ మారిపోతారు. రెండేళ్లలో పదో తరగతి బోర్డు పరీక్ష. కథల పుస్తకం పట్టుకుంటే సమయం వృథా అన్న మాట ఇంట్లోనూ బడిలోనూ వినిపించడం మొదలయ్యేది ఇప్పుడే.

చట్టం కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలతోపాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ తన షెడ్యూలులో స్పష్టంగా పేర్కొంది. కానీ ఆ చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. కేంద్ర విద్యాశాఖ 2022 జనవరి 1న ప్రారంభించిన వంద రోజుల ‘పఢే భారత్‌’ పఠన కార్యక్రమం కూడా బాలవాటిక నుంచి 8వ తరగతి వరకే పరిమితమైంది. అదే ఏడాది తెలంగాణ చేపట్టిన ‘రీడ్‌’ కార్యక్రమం 9వ తరగతి వరకు వెళ్లింది. చిన్నపిల్లలకు అక్షరాలు పట్టుబడాలన్న ఆరాటం సమంజసమే. పట్టుబడిన అక్షరం నిలిచిందా లేదా అని చూడవలసిన దశకు మాత్రం ఇంత శ్రద్ధ దక్కడం లేదు.

నిలవడం లేదని చెప్పే ఆధారం ఉంది. ప్రథమ్‌ సంస్థ ‘అసర్‌ 2023’ పేరిట 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిని దాదాపు 35 వేల మందిని పరీక్షించింది. వారిలో సుమారు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. స్మార్ట్‌ఫోన్‌ వాడటం మాత్రం అత్యధికులకు వచ్చు. ఇవి పల్లెల లెక్కలు. సూరత్‌ వంటి మహానగరానికి యథాతథంగా అన్వయించలేం. అయినా వలస కుటుంబాల్లో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చినవారేనన్న సంగతి విస్మరించరానిది.

దీనికి మరో పార్శ్వం ఉంది. పదిహేనేళ్ల విద్యార్థులపై ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ నిర్వహించే ‘పీసా’ పరీక్షలు తొలిసారి 2000లో జరిగాయి. భారత్‌ అందులో పాల్గొనలేదు. ఆ ఫలితాలను విశ్లేషించినప్పుడు ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. తల్లిదండ్రులది అతి తక్కువ స్థాయి వృత్తి అయినా ఇష్టంగా, విస్తృతంగా చదివే పిల్లలు, ఉన్నత వృత్తుల్లో ఉన్నవారి ఇళ్లలో పుట్టి చదువుపై ఆసక్తి లేని పిల్లలకంటే మెరుగైన మార్కులు సాధించారు. మగ్గం నడిపే తండ్రి ఇంట్లో పుస్తకాల బీరువా ఉండకపోవచ్చు. ఆ లోటును బడి గ్రంథాలయం తీర్చగలిగితే ఫలితం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

సూరత్‌కు పుస్తకం కొత్త కాదు. ఇక్కడి ఆండ్రూస్‌ గ్రంథాలయం 1850లో ఏర్పడింది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుల్లో ఒకరైన కవి నర్మద్‌ 1833లో ఈ నగరంలోనే జన్మించారు. నగరపాలక సంస్థ నిర్వహిస్తున్న కేంద్ర గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు. ఇక పొరుగునే ఉన్న నవ్‌సారి ఒకప్పుడు బరోడా సంస్థానంలో భాగం. మహారాజా శాయాజీరావు గైక్వాడ్‌ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి సంస్థానమంతటా గ్రంథాలయ వ్యవస్థను నెలకొల్పారు. కట్టడాలు లేని ఊళ్లకు పుస్తకాలను పెట్టెల్లో సర్ది పంపించేవారు. పాఠకుడు రాకపోతే పుస్తకమే బయలుదేరాలన్నది అక్కడి ఆలోచన. తెలుగునాట 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించడం వెనుక ఉన్నదీ అదే.

ఆ ఒరవడిలోనే 2010లో గుజరాత్‌ ప్రభుత్వం ‘వాంచే గుజరాత్‌’ పేరుతో పఠనోద్యమాన్ని చేపట్టింది. అందులో ‘తర్తా పుస్తక్‌’, అంటే తేలియాడే పుస్తకం, అనే ప్రయోగం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. చదివినవారు పుస్తకాన్ని దాచుకోకుండా మరొకరి చేతికి అందించాలి. అది చేతులు మారుతూ పోవాలి. ఉన్నత పాఠశాలలకు ఇంతకంటే తేలికైన పద్ధతి మరొకటి దొరకదు. యుక్తవయసు పిల్లలు ఉపాధ్యాయుడు చెప్పిన పుస్తకంకంటే పక్క బెంచీ మిత్రుడు మెచ్చుకున్న పుస్తకాన్నే త్వరగా అందుకుంటారు.

మరి అడ్డంకి ఎక్కడ? చాలా బడుల్లో పుస్తకాలు లేక కాదు, బీరువా తాళం తీయక. పుస్తకం పోతే లెక్క చెప్పవలసింది బాధ్యుడైన ఉపాధ్యాయుడే. తనిఖీలో సంఖ్య సరిపోవాలి కాబట్టి ఆయన జాగ్రత్తపడతారు. ఆ జాగ్రత్తలో తప్పు పట్టవలసింది ఆయనను కాదు, నియమాన్ని. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్‌.ఆర్‌. రంగనాథన్‌ 1931లోనే తన మొదటి సూత్రంగా ప్రకటించారు. ఏడాదికి కొన్ని పుస్తకాలు చిరిగిపోవడం, పోవడం గ్రంథాలయం పనిచేస్తోందనడానికి గుర్తుగా లెక్కించే తనిఖీ విధానం రావాలి. గ్రంథాలయ విజయాన్ని బీరువాలోని పుస్తకాల సంఖ్యతో కాక, నెలలో ఎన్ని ఇళ్లకు వెళ్లాయన్న సంఖ్యతో కొలవాలి.

నిధుల విషయానికి వస్తే, సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలలకు తరగతుల స్థాయిని బట్టి ఏటా రూ.5,000 నుంచి రూ.20,000 వరకు గ్రంథాలయ గ్రాంటు లభిస్తుంది. పుస్తకం సగటున వంద రూపాయలనుకున్నా గరిష్ఠంగా వచ్చేవి రెండు వందల పుస్తకాలు. అది తక్కువేమీ కాదు, ఎంపిక పిల్లల చేతికి వదిలితే. గైడ్లు, క్విజ్‌ పుస్తకాలతో అరలు నింపితే అదే డబ్బు నిష్ప్రయోజనం.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు ఇందులో మరో చిక్కు ఉంది. కరీంనగర్‌, వరంగల్‌, నల్గొండ ప్రాంతాల నుంచి నేతపనికి వచ్చినవారి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. మాట్లాడే తెలుగు ఇంటి నుంచి వస్తుంది. చదివే తెలుగు బడి నుంచే రావాలి. ఉన్నత పాఠశాలలో మాధ్యమం మారితే అది అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక్క అర నిండా తెలుగు పుస్తకాలున్నా ఆ తీగ తెగదు.

పుస్తకాలకు కొరత లేదు. నేషనల్‌ బుక్‌ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం, హైదరాబాదుకు చెందిన ‘మంచి పుస్తకం’ ప్రచురణలు, ప్రథమ్‌ బుక్స్‌ వారి స్టోరీవీవర్‌ వేదికపై ఉచితంగా లభించే కథలు ఉన్నాయి. అయితే వీటిలో అధికభాగం చిన్నపిల్లలవి. పద్నాలుగేళ్ల వారికోసమని ప్రత్యేకంగా రాసిన తెలుగు పుస్తకాలు తక్కువన్నది నిజం. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వంటివి ఆ లోటును కొంత పూడుస్తాయి. పొట్టి కథలు, నవ్వు, ఇంట్లో వినే మాట ఉన్న పుస్తకాలతో మొదలుపెడితే తడబడుతూ చదివేవారు కూడా చివరి పేజీ వరకు వెళతారు.

గుజరాత్‌ బడులకు దీపావళికి 21 రోజుల సెలవులుంటాయి. ఆ రోజుల్లో మగ్గాలూ ఆగుతాయి, సొంత ఊళ్లకు వెళ్లే రైళ్లు కిటకిటలాడతాయి. సాధారణంగా సెలవులకు ముందు పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని బీరువాకు తాళం వేస్తారు. అప్పుడే తలా రెండు పుస్తకాలు ఇచ్చి పంపితే, వాటిని చదవడానికి సూరత్‌ నుంచి వరంగల్‌ వరకు ప్రయాణమే చాలినంత సమయం.