రోహిణి కార్తెలో క్రోషా, కేకు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కారంచేడు నల్లరేగడి చేలల్లో ఆ రోజులకు నేల నిలువునా బీటలు తీసి ఉంటుంది. పత్తి, పొగాకు, మినుము అన్నీ అప్పటికే ఇళ్లకో అంగడికో చేరిపోయి ఉంటాయి. పిల్లలకు సెలవులు. పన్నెండు దాటాక నాలుగింటి దాకా వీధిలో అడుగు పెట్టలేం. ఆ వేళల్లో ఫ్యాను కింద కూర్చుని ఏదో ఒకటి అల్లుకోవడం మన వైపు ఆడవాళ్లకు కొత్త కాదు. దిండు గలీబు అంచులు, లంగా లేసులు, మంచినీళ్ల బిందె మీద కప్పే పూసల గుడ్డలు, ఒకప్పుడు రేడియోకు, తరవాత టీవీకి ముసుగులు అన్నీ అలా పుట్టినవే. ఈ మధ్య ఆ అల్లికల పక్కన ఇంటి బేకింగ్ కూడా చేరింది.

ఈ రెండూ నేర్చుకునేవాళ్లు చాలావరకు వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. ఆ వీడియోల్లో ఎక్కువ భాగం చలిదేశాల్లో తీసినవి. వాటిలో చెప్పిన కొలతలు, వేళలు కారంచేడు మే నెలకు సరిపోవు. స్వెట్టరు సాగిపోతుంది, కేకు పొంగదు, బన్ను పుల్లగా వస్తుంది. నాకు చేతకాదు అనుకుని వదిలేసేవాళ్లు ఎందరో ఉన్నారు. చేతకాకపోవడం ఏమీ లేదు. ఎండకు ఏది ఎలా మారుతుందో తెలిస్తే చాలు, ఎవరికివారు సరిచేసుకోవచ్చు.

ముందు దారం సంగతి. మన ఫ్యాన్సీ షాపుల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్. అంటే ప్లాస్టిక్ జాతి దారం. రంగులు బాగుంటాయి, చవక, ఉతికినా చెడదు. కానీ చెమటను పీల్చదు. ఎండాకాలంలో చెమ్మ చేతులతో పట్టుకుంటే సూది మీద పట్టేసినట్టు ఉంటుంది, జరగదు. ఇంకో ముఖ్యమైన మాట. అక్రిలిక్‌తో వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు అల్లకండి. వేడికి అది కరుగుతుంది, కరిగి చర్మానికి అంటుకుంటుంది. వంటింటి సామాను ఏది అల్లినా నూలుతోనే అల్లాలి.

ఎండాకాలం పనికి నూలు దారం మించింది లేదు. పైగా మనం నూలు సీమలోనే ఉన్నాం. చీరాల, జాండ్రపేట, వేటపాలెం మగ్గాల దగ్గర నూలును నంబర్లతో పిలుస్తారు. 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అది అంత నంబరు నూలు. 40 నంబరు అంటే పౌనుకు 40 చిలపలు, మొత్తం 33,600 గజాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. లేసు దారం ఉండల మీద ఉండే 10, 20, 40 అంకెల్లోనూ ఇదే వరస, ఈ మూడింటిలో 40 సన్నం. అయితే మగ్గం నూలును తెచ్చి తిన్నగా అల్లడం కుదరదు. ఒంటిపోగు నూలు కొక్కేనికి తగిలి చీలిపోతుంది, తెగుతుంది. నాలుగైదు పోగులు కలిపి పురి ఎక్కిస్తేనే అల్లికకు నిలుస్తుంది. అంగడి లేసు దారం అలా పురి పెట్టినదే. దానికి ఆ మెరుపు కాస్టిక్ సోడా వల్ల వస్తుంది. ఆ ద్రావణంలో నూలు ఉబ్బి గట్టిపడుతుందని ఇంగ్లండులో జాన్ మెర్సర్ కనిపెట్టి 1850లో పేటెంటు తీసుకున్నాడు. దారాన్ని బిగలాగి ఉంచి అదే పని చేస్తే పట్టులా మెరుస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లో అనే ఆయన చూపించాడు.

నూలుకు ఒక గుణం లేదు. అది సాగి వెనక్కి రాదు. ఉన్ని పోగులో సహజంగా ఉండే వంకర వల్ల లాగి వదిలితే ముడుచుకుంటుంది. అందుకే ఉన్ని కోసం రాసిన కొలతలతో నూలు స్వెట్టరు అల్లితే రెండు ఉతుకులకు మోకాళ్ల దాకా దిగుతుంది. నూలుతో ఒంటి మీది బట్ట అల్లాలనుకుంటే ముందు అరచేతి వెడల్పు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలవండి. ఇది వృథా శ్రమ అనిపిస్తుంది గాని కాదు. పది సెంటీమీటర్లకు 24 కుట్లు రావాలని పుస్తకం చెప్పిన చోట మీ చేతికి 22 వచ్చాయనుకుందాం. తేడా రెండే. అదే 230 కుట్ల ఛాతీ కొలతకు వచ్చేసరికి 96 సెంటీమీటర్లు కావలసింది దాదాపు 105 అవుతుంది. చొక్కా ఇంకొకరిది అయిపోతుంది.

రెండు సూదులతో అల్లే నిట్టింగుకు, ఒక్క కొక్కెంతో అల్లే క్రోషాకు తేడా చాలామందికి తెలియదు. నిట్టింగులో ఒక వరసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని ఉంటాయి. ఒకటి జారితే దాని కిందిది, దాని కిందిది, అలా వరసలు విడిపోతూ పోతాయి. క్రోషాలో ఏ క్షణాన చూసినా తెరుచుకుని ఉండే ఉచ్చు సాధారణంగా ఒక్కటే. మధ్యలో పాలవాడు పిలిచినా, కరెంటు పోయినా, కొక్కెం తీసి పక్కన పెట్టి లేవొచ్చు. నలుగురున్న ఇంట్లో పని చేసుకునేవాళ్లకు క్రోషా ఎక్కువ అలవాటు కావడానికి ఇదొక కారణమని నేననుకుంటాను.

కొత్తవాళ్లు క్రోషాలో ముందుగా తడబడేది గుండ్రటి మ్యాట్ దగ్గర. పొట్టి కుట్టుతో అల్లేటప్పుడు ప్రతి చుట్టుకూ ఆరు కుట్లు పెంచుతూ పోవాలి. వృత్తం వెడల్పయ్యేకొద్దీ దాని చుట్టుకొలత సమంగా పెరుగుతుంది కనుక ఈ లెక్క. ఆరుకు తక్కువైతే మ్యాట్ దొప్పలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పోతుంది. ఈ కుచ్చిళ్లనే 1997లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే లాత్వియా గణిత శాస్త్రవేత్త పాఠానికి వాడుకున్నారు. కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుతూ పోతే యూక్లిడ్ రేఖాగణితానికి లొంగని హైపర్‌బోలిక్ తలం ఒకటి చేతిలో తయారవుతుంది. కాగితంతో చేసిన నమూనాలు చిరిగిపోతుంటే క్రోషా నమూనాలు విద్యార్థుల చేతుల్లో నలిగినా నిలిచాయి. ఇంట్లో అమ్మాయి లెక్కలంటే భయపడుతుంటే చేతికి కొక్కెం ఇచ్చి చూడండి.

ఇక ఓవెన్ దగ్గరికి. కేకు వీడియోలన్నీ వెన్న, చక్కెర కలిపి నురగలా గిలకొట్టమంటాయి. ఆ గిలకొట్టడంలో చక్కెర పలుకులు వెన్నలోకి గాలి బుడగలను చొప్పిస్తాయి, కేకు పొంగడానికి అవే పునాది. వెన్న మెత్తగా ఉండి, కరగకుండా ఉన్నప్పుడే బుడగలు నిలుస్తాయి. దానికి 20 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. మే నెలలో మన వంటింట్లో 38 డిగ్రీలుంటే వెన్న నూనె అయి కూర్చుంటుంది. ఎంతసేపు గిలకొట్టినా గాలి నిలవదు. అందుకని ఈ కాలంలో వెన్న కేకుతో పోట్లాడకుండా, నూనెతో చేసే కేకు చేయడం మంచిది. అందులో పొంగించే పని గుడ్డు నురగ, బేకింగ్ పౌడరు చూసుకుంటాయి. గుడ్డు వాడనివాళ్లు పెరుగు, వంటసోడా కలుపుతారు. పెరుగులోని పులుపు తగలగానే సోడా గ్యాసు వదలడం మొదలవుతుంది, కనుక ఆ పిండి ఆగకూడదు. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, పిండి కలిపిన వెంటనే లోపలికి పోవాలి.

బన్నుకు, బ్రెడ్డుకు వాడే ఈస్టు సంగతి వేరే. అది బతికున్న జీవి. చలికాలంలో తెల్లారేదాకా పొంగని ఇడ్లీ పిండి ఎండాకాలంలో అర్ధరాత్రికే గిన్నె పొర్లి పులిసిపోవడం మనకు తెలిసిందే, ఈస్టు పిండీ అంతే. 25 డిగ్రీల దగ్గర గంటన్నర పట్టే పొంగు, మన ఎండలో ముప్పావుగంటలో అయిపోవచ్చు. గంటను బట్టి కాక పిండిని చూసి నిర్ణయించుకోవాలి. రెట్టింపు అయిందంటే అయిపోయినట్టే. ఈస్టు సగానికి తగ్గించి, ఫ్రిజ్ నీళ్లతో పిండి కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లోనే మెల్లగా పొంగనిస్తే రుచీ బాగుంటుంది. తెల్లవారుజామున ఐదింటికి కాలిస్తే ఇల్లూ వేడెక్కదు. మైదా బదులు గోధుమపిండి వాడేవాళ్లు నీళ్లు కొంచెం ఎక్కువ పోయాలి. తవుడు నీళ్లు పీలుస్తుంది, సాగే గుణాన్ని కూడా కొంత తెంపుతుంది. అందుకే అది మైదా బ్రెడ్డంత తేలిగ్గా పొంగదు.

ఓవెన్ లేదని ఆగనక్కర్లేదు. మందపాటి గిన్నెలో అడుగున ఉప్పో ఇసుకో పరిచి, స్టాండు పెట్టి, మూతవేసి సన్నసెగ మీద పది నిమిషాలు కాగనిచ్చి కేకు గిన్నె లోపల పెట్టొచ్చు. ప్రెషర్ కుక్కరే వాడేటట్టయితే వెయిటు, రబ్బరు రెండూ తీసెయ్యాలి. మన అమ్మమ్మలు మినప్పిండిని మందపాటి మూకుడులో వేసి, మూతపెట్టి, సన్నసెగ మీద దిబ్బరొట్టె చేసింది ఇదే పద్ధతిలో. పైన బంగారు రంగు పెంకు, లోపల దూదిలాంటి గుల్ల, అది అచ్చమైన బేకింగే.

ఇంతవరకు సరదా. సరదాగా చేసిన కేకు పక్కింటివాళ్లకు నచ్చి, వాళ్ల పిల్లాడి పుట్టినరోజుకు చేసిపెట్టమంటారు. డబ్బిస్తామంటారు. అప్పుడు చాలామంది మైదా, గుడ్లు, చక్కెర, గ్యాసు లెక్కేసి పైన కాస్త కలిపి ధర చెబుతారు. మన గంటలు లెక్కలోకి రావు. ఇంట్లో ఖాళీగా ఉండి చేసిందే కదా అన్న మాట ఎదుటివాళ్లు అనక్కర్లేదు, మనమే అనేసుకుంటాం. ఈ మాట వల్ల ఎంత నష్టం జరుగుతుందో తెలియాలంటే ఇక్కడికి ఈశాన్యంగా కృష్ణ దాటి, గోదావరి ఒడ్డున నరసాపురం దాకా పోవాలి.

నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. దాదాపు అదే కాలంలో, 1840ల కరువులో ఐర్లండు ఆడవాళ్లు క్రోషా లేసు అల్లి అమ్ముకుని ప్రాణాలు నిలబెట్టుకున్నారు. మన దగ్గర మొదట నేర్చుకున్నది క్రైస్తవంలో చేరిన పేద దళిత స్త్రీలు. తరవాత ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరారు. పొలానికి పోవడం పరువు తక్కువ అనుకున్న ఇళ్లలో, గడప దాటకుండా చేయగల పని ఇది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటికి తెస్తాడు, అల్లినది తీసుకుపోతాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది. అతుకుపని అని దానికి వేరే పేరే ఉంది. పువ్వు అల్లినామెకు మొత్తం బల్లగుడ్డ ఎలా వచ్చిందో కనబడదు, అది ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోయిందో తెలియదు.

1978, 79 ప్రాంతంలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి ఈ స్త్రీల మధ్య పరిశోధన చేశారు. 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అనే పుస్తకంగా అది వెలువడింది. ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూనే వాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని, చేతికొచ్చే కూలి కనీస వేతనానికి చాలా దిగువన ఉందని ఆమె చూపించారు. దానికి ఆమె చెప్పిన కారణం నా మనసులో నాటుకుపోయింది. వాళ్లను ఎవరూ కార్మికులనలేదు. గృహిణులు తీరిక వేళ చేసుకునే పని అన్నారు. తీరిక పని అన్నాక కూలి గురించి అడిగేదేముంది? సరుకు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, దాన్ని చేసినవాళ్లు లెక్కల్లో పనివాళ్లుగా కనిపించలేదు.

క్రోషాకు ఇంకో విశేషం ఉంది, ఇది తెలిస్తే అన్యాయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నిట్టింగుకు యంత్రం ఎప్పుడో వచ్చింది. 1589లో విలియం లీ అనే ఇంగ్లండువాడు మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. తిరుప్పూరులో తయారయ్యే బనియన్లన్నీ ఆ వంశంలోవే. కానీ కొక్కెంతో ఏ కుట్టులోంచైనా దూరి, ఏ దిక్కుకైనా తిరగగల అసలైన క్రోషాను అల్లే యంత్రం ఈనాటికీ ఫ్యాక్టరీల్లో లేదు. దాన్ని పోలిన బట్ట అల్లే యంత్రాలు మాత్రమే ఉన్నాయి. కాబట్టి నిజమైన క్రోషా మ్యాట్, బ్యాగు, గౌను ఎక్కడ కనబడినా, ఎంత చవకగా అమ్మినా, దాన్ని ఎవరో కూర్చుని చేత్తో అల్లారు. ధర తగ్గిందంటే యంత్రం వల్ల తగ్గింది కాదు, ఆ చేతికి తక్కువ ముట్టింది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి విషయమే. దీనివల్ల వేరేచోట చేసిన సరుకును నరసాపురం పేరుతో అమ్మకుండా ఆపవచ్చు. పేరు కాపాడే హక్కు అది, కూలి రేటు నిర్ణయించే చట్టం కాదు. ఆ రెండోది దానంతటదే రాదు.

ఈ వేసవిలో మీరే ఒక చిన్న మ్యాట్ అల్లుతుంటే గడియారం పక్కన పెట్టుకోండి. మొదలుపెట్టిన వేళ, లేచిన వేళ కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు ఆరు గంటలు పట్టిందనుకుందాం. అంగట్లో అలాంటి మ్యాటే 150 రూపాయలకు దొరుకుతుంటే, అందులో దారం, ఏజెంటు, వ్యాపారి, కొట్టువాడు అందరి వాటాలూ తీసేశాక అల్లినామెకు గంటకు ఎంత మిగులుతుందో వేసి చూడండి. ఈ లెక్క ఒకసారి వేసినవాళ్లు లేసు దగ్గర బేరమాడలేరు. మీరు పక్కింటివాళ్లకు చేసే కేకుకు కూడా ఇలాగే గంటలు కట్టి ధర చెప్పండి.

నరసాపురం లేసు కొనేటప్పుడు తిప్పి వెనకవైపు చూడండి. చేత్తో అల్లిన దానిలో పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకు ముడులు కనిపిస్తాయి, దారం కొసలు కుట్లలోకి దూర్చి ఉంటాయి. గుండ్రటి మ్యాట్ బల్ల మీద పరిస్తే ముడతా కుచ్చూ లేకుండా కూర్చోవాలి. ఎక్కడ అల్లారు, ఏ సహకార సంఘానిది, అల్లినవాళ్లకు కూలి ఎలా ఇస్తున్నారు అని అడగండి. సమాధానం చెప్పగల కొట్టు ఉంటే రెండు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి.