పొగ మానదలచిన ఆసుపత్రి సేవకులకు చేయూత

రాత్రి రెండు గంటల వేళ పెద్ద ఆసుపత్రి గేటు వెలుపలనున్న టీ దుకాణము వద్ద యువ వైద్యుడొకడు, వార్డు బాయి యొకడు, అంబులెన్సు డ్రైవరొకడు సిగరెట్టో బీడీయో కాల్చుచు నిలిచియుండుట కొన్ని ఊళ్లలో కానవచ్చును. లోపలి గోడ మీద “పొగ త్రాగరాదు” అను పలక యున్నది. దారిని పోవువారు “శకునము చెప్పు బల్లి కుడితిలో పడినట్లున్నది” అని నవ్వుకొందురు. నవ్వుట సులభమే. కాని పరిహాసము వలన అలవాటు మానదు, చాటునకు పోవును.

పొగాకు వలని కీడు వీరికి తెలియనిది కాదు. తెలిసియు మానలేకపోవుటకు కారణము నికోటిన్. పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే అది మెదడును చేరును. సుమారు రెండు గంటలలో రక్తమునందు దాని పరిమాణము సగమునకు తగ్గును. అంతట శరీరము మరల దానిని కోరును. రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, కాపాడలేకపోయిన రోగిని గూర్చిన దిగులు ఈ కోరికకు తోడగును. కావున ఇది తెలివితక్కువతనము కాదు, వ్యసనము. ఇతర వ్యాధులకు వలెనే దీనికిని చికిత్స వలయును.

వైద్యులే చూపిన దారి

వైద్యులు పొగ మానగలరా? మానినచో లాభమెంత? ఈ ప్రశ్నలకు బ్రిటనులోని వైద్యులే సమాధానమిచ్చియున్నారు. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను పరిశోధకులు ఆ దేశపు వైద్యులకు జాబులు వ్రాసి, వారి పొగ అలవాటును గూర్చి విచారించిరి. పురుష వైద్యులు 34,439 మంది ఈ పరిశీలనలో చేరిరి. ఏబది సంవత్సరముల ఫలితములు 2004లో వెలువడినవి. మానక సిగరెట్టు కాల్చినవారు, ఎన్నడును కాల్చనివారికంటె సగటున 10 సంవత్సరములు ముందుగా మరణించిరి. 60వ యేట మానినవారికి 3, 50వ యేట మానినవారికి 6, 40వ యేట మానినవారికి 9 సంవత్సరముల ఆయువు దక్కినది. 30వ యేట మానినవారు దాదాపు పది సంవత్సరములను పూర్తిగా నిలుపుకొనిరి. మానుటకు మించిన వయస్సు లేదని దీనివలన తెలియుచున్నది.

నిషేధముతో పాటు తోడ్పాటు

మన దేశమున 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టమును బట్టి బహిరంగ స్థలములలో పొగ త్రాగుట నేరము. 2008 అక్టోబరు 2 నుండి అమలునకు వచ్చిన నియమములు ఆసుపత్రి భవనములకును వర్తించును. ఈ నిషేధము రోగులకు రక్ష. అయినను, నిషేధము సిగరెట్టును గేటు వెలుపలకు మాత్రమే పంపగలదు. మానుటకు సేవకునికి సంస్థ తోడుపడవలెను.

మొదట అధికారులు నిందింపక అడుగవలెను. సేవకుడు చెప్పిన మాటను గోప్యముగా నుంచవలెను; అది అతని ఉద్యోగమునకు హాని చేయరాదు. మానదలచినవాడు రెండు వారములలోపల ఒక దినమును నిర్ణయించుకొనవలెను. సలహా పొందుటకు డ్యూటీ వేళలలోనే కొంత వ్యవధి నీయవలెను. డ్యూటీ ముగిసిన పిమ్మట రమ్మనినచో, అలసినవాడు ఇంటికే పోవును.

అవసరమైనవారికి మందులును కలవు. నికోటిన్ చూయింగ్ గమ్, చర్మమునకు అంటించు పట్టీలు మానుటలోని బాధను తగ్గించును. ఈ రకపు చికిత్స 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరినది. గమ్మును మిఠాయి వలె ఎడతెగక నమలరాదు. మెల్లగా నమిలి, నోటిలో చురుకు తోచగనే బుగ్గకును చిగురునకును నడుమ నుంచి, చురుకు తగ్గిన పిమ్మట మరల నమలవలెను. బ్యూప్రొపియాన్, వారెనిక్లిన్ అను మాత్రలను వైద్యుని సలహాపైననే వాడవలెను.

మొదటి వారము కష్టకాలము. చిరాకు, నిద్రపట్టకుండుట, మనస్సు నిలువకుండుట, ఆకలి హెచ్చుట కలుగును. సాధారణముగా ఇవి రెండు నుండి నాలుగు వారములలో తగ్గిపోవును. ఆ దినములలో వీలైనంతవరకు రాత్రి డ్యూటీని మార్చి యిచ్చుట, విరామమున కూర్చుండుటకు పొగలేని గది చూపుట, మునుపు మానిన సహోద్యోగి నొకనిని తోడుగా నుంచుట మేలు. కోరిక పుట్టినపుడు కొన్ని నిమిషములు ఓర్చుకొని, నీరు త్రాగి, దీర్ఘముగా ఊపిరి పీల్చి, వేరొక పనిలో ప్రవేశించినచో ఆ తాకిడి దాటిపోవును.

సిగరెట్టు మాని గుట్కా, ఖైనీ పట్టుట మానుట కాదు. 2016-17 జాతీయ సర్వేలో పొగ త్రాగు పెద్దలు నూటికి 10.7 మంది కాగా, పొగలేని పొగాకు వాడువారు 21.4 మంది యుండిరి. కావున సంస్థ రెంటిని గూర్చియు విచారింపవలెను.

ఒకసారి మాని మరల మొదలిడినవానిని చులకన చేయరాదు. పెక్కుమంది కొన్ని ప్రయత్నముల పిమ్మటనే కృతార్థులగుదురు. వారము, నెల, మూడు నెలలు, ఆరు నెలలు గడచినపుడెల్ల అతనిని పిలిచి యోగక్షేమము లడుగవలెను.

అందరి కర్తవ్యము

ఇంటివారును ఓర్పుతో తోడుపడవలెను. మొదటి దినములలోని చిరాకును కోపముగా నెంచరాదు. పొగాకు మానదలచినవా రెవరైనను 2016లో నెలకొల్పబడిన జాతీయ సహాయ కేంద్రమునకు 1800-11-2356 అను నెంబరుపై ఫోను చేసి, ఖర్చు లేకుండ సలహా పొందవచ్చును.

పొగ మానిన యేడాదిలో, అలవాటు వలన పెరిగిన గుండెజబ్బు భయము సుమారు సగమునకు తగ్గును. ఇది ఆ సేవకునికి, అతని బిడ్డలకు కలుగు లాభము. రోగికి కలుగు లాభము వేరొకటి: ఆ కష్టమును దాటివచ్చినవాడు మంచము ప్రక్కన నిలిచి “నేను మానితిని, నీవును మానగలవు” అని చెప్పినపుడు, ఆ మాటను రోగి నమ్మును.