యంత్రాన్ని ప్రశ్నించే చదువు

మేము పాఠం చెప్పే పిల్లల్లో తెలివైనవారిని ఏం చదువుతావని అడిగితే ఇంజనీరింగ్, డాక్టరీ తప్ప మూడో మాట రాదు. మంచిదే. అయితే ఆ ఇంజనీరు తయారుచేసిన యంత్రం వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అని విచారించే చదువు కూడా ఒకటుంది. దానికి విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులున్నారు.

ఈ చదువు పల్నాటికి దూరమైనదేమీ కాదు. విల్లుతో దూది ఏకడం మన నూర్‌బాషా సోదరుల తరతరాల హునర్. ఏకే యంత్రాలు వచ్చాక ఆ విల్లు మూలబడింది. పని సులువైంది, నిజమే. కాని కూలి ఎవరికి పోయింది?

1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా చల్లడం అందుకు ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. 1987-88లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు సంగతి కీటకశాస్త్రం చెబుతుంది. కాని ఎవరి మాట విని అన్నిసార్లు చల్లారు, అప్పు ఎవరిచ్చారు అన్నది చెప్పడానికి సమాజాన్ని చదివినవారు కావాలి.

అమెరికా మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ స్టోన్ ఆ పనే చేశారు. వరంగల్ జిల్లా పత్తి రైతులను ఏళ్ల తరబడి పరిశీలించి 2007లో వ్యాసం ప్రచురించారు. అంగట్లో విత్తనాల పేర్లు మారిపోతూ ఉంటే, రైతు తన చేలో పరీక్షించి నేర్చుకునే అలవాటు తగ్గి, పక్కవారు కొన్నదే కొనడం పెరిగిందని తేల్చారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన ఇ. హరిబాబు బయోటెక్నాలజీకీ సమాజానికీ గల సంబంధాన్ని అధ్యయనం చేశారు. ఇంజనీరింగ్ చదివిన అన్నపూర్ణ మామిడిపూడి ఆంధ్ర చేనేతవారితో పనిచేసి, చేనేత పాతబడిన పని కాదు, తనను తాను మార్చుకుంటూ సాగే సాంకేతిక విద్య అని నిరూపిస్తూ 2016లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

డిగ్రీ తర్వాత సమాజశాస్త్రంలో ఎం.ఏ., ఆపైన పిహెచ్.డి. ఈ చదువుకు ఒక దారి. యు.జి.సి. పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పరిశోధన కాలంలో నెలనెలా భత్యం అందుతుంది. ఏళ్లు పడుతుంది, ఉద్యోగాలు తక్కువ. ఆ సంగతి దాచి తల్లిదండ్రులను ఆశపెట్టకూడదు.

అయినా ఒక్క మాట. రేపు మన చేలకు, మన దుకాణాలకు ఏ యంత్రం రావాలో నిర్ణయించే చోట, పత్తి చేల మధ్య పెరిగిన బిడ్డ ఒకరుండాలి. అబ్బాయైనా సరే, అమ్మాయైనా సరే. కూలి పోయిన ఇంటి లెక్క ఆ బిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు.