కౌజు గూటికి మూరెడు గడ్డి

కౌజు అనగానే ఇప్పుడు చాలామందికి ఫారాల్లో పెంచి అమ్మే జపాన్ పూరేడు గుర్తొస్తుంది. అసలు కౌజు వేరు. కముజు అని కూడా పిలిచే ఈ బూడిదరంగు పిట్ట నెమలికీ, కోడికీ, ఫెజెంట్లకూ చుట్టం. చెలకల్లో, తుమ్మపొదల నడుమ బతుకుతుంది. దీమపు పిట్టను పంజరంలో పెట్టి కూయించి, పోటీకొచ్చిన వాటిని ఉచ్చుల్లో పట్టడం పాత అలవాటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వేటను నేరం చేసింది. మంచిదే. కానీ ఉచ్చు తీసేసినంత మాత్రాన పిట్ట మిగలదు, గుడ్డు పెట్టే చోటు కూడా మిగలాలి.

కౌజు నేలమీదే, గడ్డిదుబ్బు మొదట్లో చిన్న గుంట చేసుకుని ఆరు నుంచి ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది. సుమారు 19 రోజులు పొదుగుతుంది. పిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చిన నాడే తల్లి వెంట నడుస్తాయి. పెద్దవి గింజలు ఏరుకుని బతికేస్తాయి గానీ, బొటనవేలంత పిల్లకు ఈకలు రావాలంటే చెదలు, చీమలు, చిన్న మిడతలు కావాలి. ఈ సంగతి ఎంత పెద్దదో ఇంగ్లండు చూపించింది. అక్కడి ససెక్స్ పొలాల్లో 1968 ప్రాంతంలో డిక్ పాట్స్ మొదలుపెట్టిన పరిశీలనలో, కౌజును పోలిన పార్ట్రిడ్జ్ పిట్టలు తగ్గిపోవడానికి ముఖ్య కారణం కలుపు మందని తేలింది. మందు పిల్లలను నేరుగా చంపలేదు. కలుపు పోయింది, దానిమీది పురుగు పోయింది, పిల్లలకు తిండి లేకుండా పోయింది. పొలం అంచున కొన్ని మీటర్ల మేర మందు కొట్టకుండా వదిలిన చోట ఎక్కువ పిల్లలు బతికాయి.

ఇక మన దగ్గర, చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ వైపు 1967 తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి చెలకలెన్నో వరిమళ్లయ్యాయి. ఆ నీళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఇళ్లల్లో అన్నం దానివల్లే. చిక్కంతా కోత తర్వాత పెట్టే నిప్పుతో. యాసంగి వరి కోసి కొయ్యకాళ్లు తగలబెట్టేది ఏప్రిల్, మే నెలల్లో. కౌజు గుడ్లు పెట్టే కాలమూ అప్పుడే మొదలవుతుంది. మంట గట్టెక్కితే తల్లి ఎగిరిపోగలదు, గుడ్లు ఎక్కడికి పోతాయి?

గూటి కోసం గట్టున గడ్డి పెంచితే ఎలుకలు చేరతాయని రైతు అంటాడు. నిజమే. అందుకే మళ్ల మధ్య గట్లను చెక్కుకోనివ్వాలి. డొంకల పక్కన, చెరువుకట్ట దిగువన, చెలక మూలల్లో ఎటూ దున్నని జాగా ఉంటుంది. వదలమనేది దాన్నే. కౌజు గింజలు తినదా అని మరో ప్రశ్న. తింటుంది, కానీ చెదలనూ పురుగులనూ తింటుంది. నెమళ్లు, అడవిపందులు చేసే నష్టం నిజమైనదే, దానికి పరిహారం అడగాల్సిందే. ఆ కోపం కౌజు మీదికి మళ్లకూడదు. డొంక పక్క రేగుపొదను, గడ్డిని వానాకాలం దాటేదాకా కొట్టకుండా, కాల్చకుండా ఉంచితే గూటికి చోటవుతుంది. ఒకటి రెండు తుమ్మచెట్లు కూడా ఉంచాలి, రాత్రిపూట కౌజులు నిద్రపోయేది ఆ ముళ్లకొమ్మల్లోనే.