ఇంగ్లీషులో ‘ఆప్’ ఎక్కడుంది? మర్యాదగా అడగడం ఎలా?

దుబాయ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడిని ఊహించుకోండి. ఈద్ సెలవులకు ఇంకో మూడు రోజులు కలిపి ఇంటికి రావాలని ఆశ. మేనేజర్ దగ్గరికి వెళ్లి, “ఐ వాంట్ త్రీ మోర్ డేస్ లీవ్. ప్లీజ్ గివ్ మీ” అన్నాడు. వాక్యంలో పెద్ద తప్పేమీ లేదు. ప్లీజ్ కూడా ఉంది. అయినా మేనేజర్ ముఖం ముడుచుకుంది.

ఇంట్లో పెద్దవాళ్లను ఏనాడూ ‘నువ్వు’ అనని పిల్లాడు. అతని మనసులో ఉన్నది ‘ఇవ్వండి సార్’ అనే మాటే. అవతలివాడి చెవికి చేరింది మాత్రం ‘నాకు కావాలి, ఇవ్వు’ అని. ఇది ఇంగ్లీషు రాకపోవడం కాదు, ఇంగ్లీషులో మర్యాద ఎక్కడ ఉంటుందో తెలియకపోవడం.

మన మర్యాద క్రియలో ఉంటుంది

తెలుగులో ‘ఇవ్వు’ అనే మాటకు ‘అండి’ చేరిస్తే చాలు, గౌరవం వచ్చేస్తుంది. ఉర్దూలో అయితే తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లు. దే, దో, దీజియే అని క్రియ కూడా వాటి వెంటే నడుస్తుంది.

ఇంగ్లీషులో చిన్నవాడికైనా, పెద్దవాడికైనా ‘యు’ ఒక్కటే. ఒకప్పుడు ఆ భాషలోనూ రెండు ఉండేవి. దగ్గరివాళ్లను, చిన్నవాళ్లను ‘దౌ’ అనేవారు, పెద్దవాళ్లను ‘యు’ అనేవారు. దాదాపు 300 ఏళ్ల క్రితమే మామూలు వాడుకలోంచి ‘దౌ’ తప్పుకుంది. ‘గివ్’ అనే క్రియకు ‘అండి’ లాంటి తోక లేదు. అందుకే దానికి ప్లీజ్ తగిలించినా ఆజ్ఞ వాసన పూర్తిగా పోదు.

మరి మర్యాద ఎక్కడ? మూడు చోట్ల: ఆజ్ఞను ప్రశ్నగా మార్చడంలో, కుడ్, వుడ్ అనే మాటల్లో, ‘ఇఫ్’ అనే షరతులో.

ఒకే పని, అయిదు మెట్లు

ఆఫీసులో ఒక ఫారం కావాలి అనుకుందాం.

1. “గివ్ మీ ద ఫారం.” ఇది ఆజ్ఞ.
2. “కెన్ యు గివ్ మీ ద ఫారం?” స్నేహితుల దగ్గర, షాపులో సరిపోతుంది.
3. “కుడ్ యు గివ్ మీ ద ఫారం, ప్లీజ్?” ముఖపరిచయం లేనివాళ్లతో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఇదే భద్రమైన మాట.
4. “వుడ్ యు మైండ్ గివింగ్ మీ ద ఫారం?” మీకు ఇబ్బంది లేకపోతే ఇస్తారా అని.
5. “ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ గివ్ మీ ద ఫారం టుడే.” ఎదుటివారు మన కోసం కాస్త శ్రమపడాలి అన్నప్పుడు.

పైకి వెళ్లేకొద్దీ వాక్యం పెరుగుతుంది, ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుంది. అలాగని ప్రతిసారీ అయిదో మెట్టు ఎక్కక్కర్లేదు. పక్కనున్న తమ్ముణ్ణి నీళ్ల గ్లాసు అందించమని అంత పొడుగు వాక్యంతో అడిగితే వెటకారంలా ఉంటుంది. రోడ్డు మీద బండి మీదికొస్తుంటే “స్టాప్!” అని అరవాల్సిందే. అడిగే పని ఎంత బరువో మాట అంత మెత్తన.

కుడ్ అంటే ‘నిన్న’ కాదు

‘కెన్‌కి భూతకాలం కుడ్’ అని బడిలో నేర్చుకున్నాం. అభ్యర్థనలో మాత్రం దానికి గడిచిపోయిన కాలంతో సంబంధం లేదు. అది ఎదుటివారికి కాస్త ఎడం ఇవ్వడం.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడే అడగాల్సిన మాటను మనం “మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండి” అంటాం. ఉర్దూలో “ఆప్ సే ఏక్ బాత్ పూఛ్‌నా చాహ్‌తా థా” అంటారు. రెండూ భూతకాలమే, రెండూ ఇప్పటి సంగతే. ‘ఐ వాజ్ వండరింగ్’ కూడా సరిగ్గా అలాంటిదే. అలాగే ‘ఐ వాంట్’ బదులు ‘ఐ వుడ్ లైక్’ అంటే అదే కోరిక మెత్తగా వినిపిస్తుంది.

‘ఇఫ్’ తెరిచి ఉంచే తలుపు

“అగర్ ఆప్‌కో తక్లీఫ్ న హో తో...” అని పెద్దవాళ్లు అడగడం ఇళ్లల్లో వింటూనే ఉంటాం. తెలుగులో “వీలైతే”, “ఏమీ అనుకోకపోతే” అంటాం. కాదని చెప్పడానికి ఎదుటివారికి ఒక దారి వదలడమే షరతు పని. ఇంగ్లీషులో “ఇట్ వుడ్ బి హెల్ప్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ సెండ్ ఇట్ టుడే” అనేది ఈ కోవలోదే.

రెండు రకాల షరతుల మధ్య తేడా గుర్తుంచుకోవాలి. “ఇఫ్ ఐ గెట్ లీవ్, ఐ విల్ కమ్” అంటే సెలవు దొరికే అవకాశం నిజంగానే ఉంది. “ఇఫ్ ఐ గాట్ లీవ్, ఐ వుడ్ కమ్” అంటే దొరకడం అనుమానమే, దొరికితే బాగుండు అని. ఎక్కువమంది చేసే పొరపాటు “ఇఫ్ ఐ విల్ గెట్ లీవ్” అనడం. మామూలు షరతులో ఇఫ్ పక్కన విల్ రాదు.

ఎక్కువగా తడబడే చోట్లు

“వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ శాట్ హియర్?” అని ఎవరైనా అడిగితే, మనవాళ్లు నవ్వుతూ “యెస్, యెస్” అంటారు. దాని అర్థం ‘అవును, నాకు ఇబ్బందే’ అని! కూర్చోబోయినవారు వెనక్కి తగ్గుతారు. “నాట్ ఎట్ ఆల్, ప్లీజ్ సిట్” అనాలి.

ఆసుపత్రిలో “కుడ్ యు టెల్ మీ వేర్ ఈజ్ ది ఎక్స్‌రే రూమ్?” అని అడుగుతుంటారు. ముందు కుడ్‌తో ప్రశ్న మొదలైపోయింది కాబట్టి, ‘ఈజ్’ చివరికి పోవాలి: “కుడ్ యు టెల్ మీ వేర్ ది ఎక్స్‌రే రూమ్ ఈజ్?”

అన్నిటికన్నా ముఖ్యమైనది వినడం. లండన్‌లో ఉద్యోగం చేసే అమ్మాయితో పైఅధికారి “యు మైట్ వాంట్ టు చెక్ దిస్ అగైన్” అన్నారనుకోండి. ‘కావాలంటే చూసుకో’ అన్నట్టు వినిపిస్తుంది. చాలాసార్లు దాని అసలు అర్థం ‘ఇందులో తప్పుంది, మళ్లీ చూడు’ అని. మెత్తటి మాటలో ఉన్న ఆజ్ఞను పట్టుకోలేకపోతే, పని చేయలేదన్న మాట పడాల్సి వస్తుంది.

జుమా నమాజ్‌కు సమయం అడగాలంటే

బెంగళూరు ఆఫీసులో పనిచేసే యువకుడు “ఐ నీడ్ బ్రేక్ ఎవ్రీ ఫ్రైడే” అని మెయిల్ పంపడం ఒక పద్ధతి. రెండోది ఇలా ఉంటుంది: “ఆన్ ఫ్రైడేస్, వుడ్ ఇట్ బి పాసిబుల్ ఫర్ మీ టు టేక్ మై బ్రేక్ ఎట్ వన్? ఇఫ్ ఇట్ హెల్ప్స్, ఐ కుడ్ స్టే హాఫ్ యాన్ అవర్ లేటర్.” ఇందులో ప్రశ్న ఉంది, షరతు ఉంది, తన వంతుగా ఇచ్చేదీ ఉంది. అవసరాన్ని దాచలేదు, తల కూడా వంచలేదు.

దుబాయ్ కుర్రాడు కూడా ఇలా అనొచ్చు: “ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ టేక్ త్రీ మోర్ డేస్. ఇఫ్ దట్స్ డిఫికల్ట్, ఐ కుడ్ మేనేజ్ విత్ టూ.” సెలవు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. కానీ ఈసారి మేనేజర్ చెవికి ఆజ్ఞ వినిపించదు, మాట్లాడుకోవడానికి చోటు మిగులుతుంది.

ఇంగ్లీషు అంతగా రాని అమ్మానాన్నలు బ్యాంకులోనో బడిలోనో మాట్లాడటానికి జంకక్కర్లేదు. “కుడ్ యు ప్లీజ్...” అనే రెండు మూడు మాటలు నోటికి వస్తే సగం పని అయినట్టే. పిల్లలకు ‘దో’ కాదు ‘దీజియే’ అనాలని నేర్పింది వాళ్లే. ఆ అదబ్‌నే ఇంగ్లీషులో కుడ్, వుడ్, ఇఫ్ అనే మాటలు మోస్తాయి.