సాయంత్రం నాలుగైతే... ఆకాశం చూడండి!

మే నెలాఖరు ఆదివారం. జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి పిల్లల సెలవులు ఇక రెండు వారాలే. ఉన్న సరదాలన్నీ ఈలోపే తీర్చుకోవాలి. కొందరు సూర్యలంక బీచ్‌కి బయల్దేరతారు. ఇంకొందరు అమ్మమ్మగారి ఊళ్లో మామిడితోటకి. ప్రయాణాల్లేని ఇళ్లల్లో డాబా మీద వడియాలూ, ఆవకాయ ముక్కలూ!

పొద్దున్నే చూస్తే ఆకాశం అద్దంలా ఉంటుంది. రేడియోలోనో టీవీలోనో మాత్రం ‘ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వర్షం, ఈదురుగాలులు’ అని చెబుతారు. ‘ఇంత ఎండలో వానేమిటి?’ అని నవ్వుకుని బయటపడతాం. అక్కడే వస్తుంది చిక్కంతా.

2024 మే 26 కూడా అలాంటి ఆదివారమే. పగలంతా ఎండ మండిపోయింది. సాయంత్రానికి నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ హైదరాబాద్ శివార్లలోనూ గాలివాన విరుచుకుపడింది. గోడలు కూలి, చెట్లు విరిగిపడి, పిడుగులు పడి ఒక్క పూటలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కోళ్ల షెడ్డు గోడ కూలి కొందరు, బైకు మీద వెళ్తుండగా చెట్టు మీదపడి ఇద్దరు మరణించారు. ఆరోజు తెలుగునేల మీద తుపానేమీ లేదు. వచ్చింది మామూలు వేసవి గాలివానే!

ఎండే ముడిసరుకు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే గాలివానకు ముడిసరుకు. మధ్యాహ్నానికి నేల కాగి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ దానికి తోడవుతుంది. మధ్యభారతం నుంచి తమిళనాడు వైపు ఉపరితల ద్రోణి ఉంటే ఇక చెప్పేదేముంది... గోపురంలాంటి క్యుములోనింబస్ మేఘం గంటా రెండు గంటల్లోనే పదిపన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిపోతుంది.

ఆ మేఘం లోపల మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుని విద్యుదావేశం పుడుతుంది. అదే మెరుపు, అదే పిడుగు. వానతోపాటు చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి నాలుగువైపులా పరుచుకుంటుంది. అదే ఈదురుగాలి. ముందు దుమ్ము, తర్వాత చల్లటి గాలి, ఆ వెనకే పెద్దపెద్ద చినుకులు రావడానికి కారణం ఇదే. ఇదంతా జరగడానికి నేల బాగా కాగాలి కాబట్టి గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు తర్వాతే మొదలవుతాయి.

మే నెలలో తుపాన్లూ వస్తాయి. 1990 మేలో కృష్ణా తీరాన్ని తాకిన తుపాను దాదాపు వెయ్యిమందిని బలితీసుకుంది. 2010 మే 20న ‘లైలా’ బాపట్ల దగ్గర తీరం దాటింది. అయితే తుపాను సంగతి ఇప్పుడు రోజుల ముందే తెలిసిపోతోంది. గాలివాన అలా కాదు. ఫలానా ఊళ్లో, ఫలానా వీధిలో పడుతుందని ముందురోజు ఎవరూ చెప్పలేరు. అందుకే వాతావరణ శాఖ మాటలను అర్థం చేసుకోవడం ముఖ్యం.

ఆ మాటలకో లెక్కుంది

‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఏదో గాలివాటంగా అన్నమాట కాదు. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పావువంతు లేదా అంతకన్నా తక్కువచోట్ల వాన పడొచ్చని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. ‘చాలా చోట్ల’ అంటే ముప్పావు వంతు దాకా. మన ఊళ్లో చినుకు పడనంతమాత్రాన ఆ కబురు తప్పయినట్టు కాదు. పక్క మండలంలో పిడుగు పడి ఉండొచ్చు.

ఇక రంగులు. ఆకుపచ్చ అయితే హెచ్చరికేమీ లేనట్టు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోమని. గాలి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటితే దాన్ని తీవ్రమైన గాలివానగా లెక్కేస్తారు. ఫ్లెక్సీలూ, రేకులూ, షామియానాలూ ఆ గాలికి ఆగడం కష్టం.

అన్నిటికన్నా పనికొచ్చేది ‘నౌకాస్ట్’. వచ్చే మూడు గంటల్లో ఏ జిల్లాలో ఏం జరగొచ్చో రాడార్ చూసి చెప్పే కబురిది. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్‌లలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. ప్రయాణానికి ముందురోజు రాత్రి సూచన చూడటం మంచిదే. కానీ మధ్యాహ్నం భోజనాలయ్యాక నౌకాస్ట్ మరోసారి చూడటం ఇంకా మంచిది. పుణెలోని ఐఐటీఎం రూపొందించిన ‘దామిని’ ఆప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగుల ముప్పు గురించి అదే చెబుతుంది.

ముప్పై... ముప్పై!

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తు నిర్వహణ అధికారులు లెక్కగట్టారు. దేశం మొత్తమ్మీద 2022లో పిడుగుపాటుకు చనిపోయినవారు 2,887 మంది అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. పొలాల్లో పనిచేసేవాళ్లూ, గొర్రెల కాపరులూ, చెట్టు కిందికి చేరినవాళ్లే తరచూ బలవుతుంటారు.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. ముప్పై సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత ఇంకో ముప్పై నిమిషాలు బయటికి రాకూడదు. వాన తగ్గింది కదా అని మామిడికాయలు ఏరుకోవడానికి పిల్లల్ని పంపిస్తాం చూడండి... అదే ప్రమాదం!

చెట్టు కింద అసలు నిలబడొద్దు. డాబా మీద ఆవకాయ ముక్కలు తడిస్తే తడవనివ్వండి, మెరుపుల్లో పైకెక్కొద్దు. చెరువులో ఈతా, సముద్రంలో స్నానమూ తొలి ఉరుముతోనే ఆపేయాలి. తడిసిన మట్టిగోడల పక్కనా, హోర్డింగుల కిందా బండి ఆపకూడదు. తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి వెళ్లకూడదు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అపోహ. శరీరంలో కరెంటేమీ మిగిలి ఉండదు. శ్వాస ఆగితే వెంటనే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చేయాలి, 108కి ఫోన్ చేయాలి. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

ఇన్ని చెప్పారు కదా అని సెలవుల సరదా మానుకోనక్కర్లేదు. కార్యక్రమాన్ని కాస్త ముందుకు జరుపుకుంటే చాలు. బీచ్ పొద్దున్నే, తోట తెల్లవారగానే, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడులోపే. ఉరుము వినగానే ‘అర్జునా... ఫల్గుణా...’ అనుకోవడం మన పెద్దలు నేర్పిన అలవాటు. తప్పకుండా తలచుకోండి. కాకపోతే ముందు ఇంట్లోకి వెళ్లి, ఆ తర్వాత!